పరుగుకు కాస్త చోటు

ఆటోడ్రైవర్ కొడుకు. టెన్నిస్ బంతితో ఆట నేర్చుకున్నాడు. చేతికి అసలైన క్రికెట్ బంతి వచ్చేసరికి ఇరవై ఏళ్లు నిండాయి. అయినా మెల్‌బోర్న్, కేప్‌టౌన్, లండన్ మైదానాల్లో మేటి బ్యాట్స్‌మెన్ వికెట్లు ఎగరగొట్టాడు. మహ్మద్ సిరాజ్ కథ అందరికీ తెలిసిందే. ఆ కథలో పెద్దగా ఎవరూ పట్టించుకోని పాత్ర ఒకటుంది... ఖాళీ జాగా! దాని విలువేమిటో తెలియాలంటే హైదరాబాద్‌కు పడమరగా ఉన్న జన్వాడ నుంచి బయల్దేరాలి.

ఆదివారం సాయంత్రం. గండిపేట దాటి, ఖానాపూర్ మీదుగా శంకర్‌పల్లి వైపు వెళుతుంటే వస్తుంది జన్వాడ. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని ఊరు. రోడ్డు పక్కన పంట తీసేసిన చెలకలో పది పన్నెండు మంది కుర్రాళ్లు. ఒకవైపు పాతిన మూడు కట్టెలు, రెండోవైపు వికెట్టుకు బదులు నిలబెట్టిన ఇటుక. ఒకటే బ్యాటు, ఒకటే టెన్నిస్ బంతి.

బౌలింగ్ చేయాల్సిన పిల్లాడు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. వెనక్కి తిరిగి నడిచాడు. పది అడుగులు... ఇరవై... పొలం గట్టు తగిలేదాకా. అక్కణ్నుంచి ఒకటే పరుగు. బంతి వెళ్లి నడిమి కట్టెను పడగొట్టింది. పిల్లాడు గాల్లోకి ఎగిరి, గిరుక్కున తిరిగి, రెండు చేతులూ కిందికి విదిల్చి నిలబడ్డాడు. ఫుట్‌బాల్ వీరుడు క్రిస్టియానో రొనాల్డో గోల్ కొట్టాక చేసే విన్యాసమిది. ఈ చెలక దాకా దాన్ని తెచ్చింది మాత్రం సిరాజే.

పక్క చెలకలో ఆట లేదు. అందులో కడీలు పాతేశారు. దాని పక్కది గోడ కట్టిన వెంచరు. గేటుకు రంగురంగుల బోర్డు. ఈ వేసవిలో ఆడిన చోట వచ్చే వేసవికి ఆడతామన్న భరోసా ఈ పిల్లలకు లేదు. ఊరికి ఇంకా పొలాలున్నాయి కాబట్టి ఒకచోటు పోతే ఇంకోచోటు వెతుక్కుంటున్నారు. అంతే!

చెరువు కాపాడిన నేల

నగరానికి ఇంత దగ్గర్లో ఇంకా పొలాలు మిగిలి ఉండటానికి ఓ కారణం ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. మళ్లీ అలాంటి గండం రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే జనం గండిపేట చెరువంటారు. వరదను ఆపడానికి కట్టిన చెరువులే నగరం దాహాన్నీ తీర్చాయి.

ఆ నీళ్లు పాడవకుండా ఉండాలని 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలు, భారీ కట్టడాలు రాకుండా ఆంక్షలు పెట్టింది. జన్వాడ కూడా ఆ జాబితాలోని ఊరే. అలా మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల పల్లెలు చాలాకాలం పల్లెలుగానే ఉండిపోయాయి. కూరగాయలు, ఆకుకూరలు, పూలు పండించాయి. చేవెళ్ల వైపు తోటల్లో తెల్లవారకముందే కోసిన పూలు మెహిదీపట్నం పక్కనున్న గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం.

ఆంక్షల వల్ల తమ భూములకు ధర రావట్లేదని ఇక్కడి రైతులు బాధపడిన మాటా నిజమే. పిల్ల పెళ్లికో, పెద్ద చదువుకో ఎకరం అమ్ముదామంటే, కాస్త దూరంలో కోట్లు పలుకుతున్న భూమిని చూసి నిట్టూర్చాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షల్ని సడలించింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో ఇదే దారిలోని కోకాపేటలో హెచ్ఎండీఏ వేలం వేస్తే ఓ ప్లాటు ఎకరం రూ.100.75 కోట్లు పలికింది!

డెబ్బయి మూడు గజాలు

హైదరాబాద్‌లో ఏ జాగానైనా గజాల్లోనే కొలుస్తారు. క్రికెట్ పిచ్‌ను కూడా అలాగే కొలిచి చూద్దాం. పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. వెడల్పు 10 అడుగులు. మొత్తం 660 చదరపు అడుగులు... లెక్కేస్తే 73 గజాలు. చిన్న ఇంటి స్థలమంత!

కానీ ఫాస్ట్ బౌలర్‌కు అది సరిపోదు. పిచ్ వెనక పరుగెత్తడానికి ఇంకో ఇరవై, ముప్ఫై గజాల నేల కావాలి. అమెరికన్లు ప్రాణంగా చూసుకునే బేస్‌బాల్‌లో ఈ బాధ లేదు. అక్కడ బంతి విసిరే పిచర్ చిన్న మట్టి దిబ్బ మీద నిలబడతాడు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలోని లక్ష్యానికి నిలబడ్డచోటి నుంచే ఒక్క అడుగు ముందుకు వేసి విసురుతాడు. మోచెయ్యి వంచొచ్చు. బలమంతా కాలి మడమలో మొదలై నడుము మీదుగా భుజానికి చేరుతుంది. మనదేశంలో బేస్‌బాల్ ముఖం చూడని ఇద్దరు కుర్రాళ్లు అలా విసిరే అమెరికా చేరారు. 2008లో జరిగిన టీవీ పోటీలో ఉత్తర్‌ప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ సత్తా చాటారు. ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరినవాళ్లే. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం కుదుర్చుకుంది. వాళ్ల కథతో 2014లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది.

మన బౌలర్‌కు మోచెయ్యి అంతగా వంచి విసిరే వీల్లేదు. వేగమంతా పరుగులోంచే తెచ్చుకోవాలి. ఆ పరుగుకు చోటు కావాలి. బౌండరీ కనీస దూరం 65 గజాలు పెట్టుకుని లెక్కేస్తే పూర్తి మైదానానికి పట్టే నేల రెండు ఎకరాల డెబ్బయి సెంట్ల పైమాటే. కోకాపేట ధర కడితే రూ.270 కోట్లు దాటుతుంది! అంత విలువైన నేలను పిల్లల ఆటకు వదిలేసేదెవరు?

అలా ఎవరో వదిలేసిన నేల మీదే సిరాజ్ పరుగు నేర్చుకున్నాడు.

ఈద్గా మైదానంలో...

జన్వాడ నుంచి నగరానికి రోడ్డుతో పాటు నీళ్లకూ ఓ దారుంది... బుల్కాపూర్ నాలా. శంకర్‌పల్లి వైపు పుట్టి, జన్వాడ, కోకాపేట, నార్సింగి, టోలిచౌకి వైపుగా హుస్సేన్‌సాగర్ దాకా సాగే పాతకాలపు కాలువ. నాలాను చాలాచోట్ల కబ్జాలు మింగేశాయి. రోడ్డు మాత్రం వెడల్పయింది. అదే దారిలో నార్సింగి, షేక్‌పేట, టోలిచౌకి, మెహిదీపట్నం దాటి మాసబ్ ట్యాంక్ వైపు వెళితే వస్తుంది ఫస్ట్ లాన్సర్. నిజాం సైన్యంలో బల్లేలు పట్టిన గుర్రపు దళం ఒకప్పుడు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు అక్కడ గుర్రాలు లేవు. ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు, గోడవారగా ఆటోలు. ఆ ఇళ్ల మధ్య ఈద్గా మైదానం. ఈద్గా అంటే పండగ రోజుల్లో అందరూ కలిసి నమాజు చేసుకునే చోటు. మిగతా రోజులన్నీ పిల్లలవే!

1994 మార్చి 13న పుట్టిన సిరాజ్ పెరిగింది ఈ బస్తీలోనే. నాన్న మహ్మద్ గౌస్ ఆటో నడిపేవారు. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు ఇంజినీరింగ్ చదువుకున్నాడు. చిన్నవాడికి పుస్తకం కంటే బంతి ముద్దు. డబ్బు కట్టి కోచింగ్ తీసుకునే స్థోమత లేదు. టెన్నిస్ బంతి తేలిక. దానికి కుట్టు ఉండదు. కాబట్టి తోలు బంతిలా గాల్లో వంపు తిరగదు. బ్యాట్స్‌మన్‌ను బోల్తా కొట్టించాలంటే రెండే దారులు. ఒకటి వేగం... రెండోది కాళ్ల దగ్గర పడే యార్కర్. ఈ రెండూ సిరాజ్‌కు ఈద్గా మైదానమే నేర్పింది.

ఓసారి క్లబ్ మ్యాచ్‌లో ఆడాడు. ఆ జట్టు కెప్టెన్ సొంత మేనమామే. 25 ఓవర్ల ఆటలో 20 పరుగులకు 9 వికెట్లు తీశాడు మేనల్లుడు. మామ పొంగిపోయి జేబులోంచి రూ.500 తీసిచ్చాడు. క్రికెట్‌తో సిరాజ్ కళ్లజూసిన మొదటి సంపాదన అదే. తర్వాత చార్మినార్ క్రికెట్ క్లబ్, అక్కణ్నుంచి అండర్-23 జట్టు. నగరానికి ఆ చివరనున్న ఉప్పల్ స్టేడియం దాకా పాత బైక్ మీద వెళ్లివచ్చేవాడు. ఆటో కిరాయిల్లోంచి మిగిల్చి పెట్రోల్‌కు డబ్బులిచ్చేది నాన్నే.

స్పిన్నర్ల గడ్డ మీద...

నిజానికి హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్ల ఊరు కాదు. ఈ నగరం పేరు చెబితే జయసింహ సొగసు, అజహరుద్దీన్, లక్ష్మణ్‌ల మణికట్టు గుర్తొస్తాయి. బౌలర్లంటే గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు... అందరూ స్పిన్నర్లే. కొత్త బంతి పట్టినవాళ్లలో సయ్యద్ అబిద్ అలీ ఒక్కడే గట్టిగా నిలబడ్డాడు. 1967లో అడిలైడ్‌లో ఆడిన మొదటి టెస్టులోనే ఆస్ట్రేలియా మీద 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. చాలాకాలం అమెరికాలో ఉండి, 2025 మార్చిలో అక్కడే కన్నుమూశాడు. 1971లో వెస్టిండీస్, ఇంగ్లండ్ వెళ్లిన జట్లలో ఉన్న మరో హైదరాబాదీ పేసర్ దేవరాజ్ గోవింద్‌రాజ్‌కు ఒక్క టెస్టు కూడా ఆడే అవకాశం రాలేదు.

అలాంటి ఊళ్లో 2015 నవంబరులో రంజీల్లోకి వచ్చాడు సిరాజ్. 2016-17 సీజన్లో హైదరాబాద్ కోచ్‌గా భరత్ అరుణ్ వచ్చారు. విజయవాడలో పుట్టి, తమిళనాడుకు ఆడిన అరుణ్ ఈ కుర్రాడి వేగాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఆ సీజన్లో సిరాజ్ 41 వికెట్లు తీశాడు. 2017 ఫిబ్రవరి ఐపీఎల్ వేలంలో కనీస ధర రూ.20 లక్షలు. సన్‌రైజర్స్ హైదరాబాద్ పాడిన పాట రూ.2.6 కోట్లు! సిరాజ్ ఇంట్లో చేసిన మొదటి పని... నాన్నను ఇక ఆటో నడపొద్దనడం.

నాన్న లేని ఊరికి...

2020 నవంబరు. ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లిన జట్టుతో పాటు సిరాజ్ సిడ్నీలో కొవిడ్ క్వారంటైన్‌లో ఉన్నాడు. 20వ తేదీన హైదరాబాద్ నుంచి ఫోన్... నాన్న లేరు. కొంతకాలంగా ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న గౌస్ 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇంటికి వెళ్లడానికి బోర్డు అనుమతిచ్చింది. సిరాజ్ వెళ్లలేదు. నాన్న కల నెరవేర్చి రమ్మని ఇంటి నుంచి అమ్మ ధైర్యం చెప్పింది. కొడుకు దేశానికి టెస్టు ఆడాలన్నదే గౌస్ కల.

డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో ఆ కల నెరవేరింది. చూడాల్సిన మనిషే లేడు. ఆ మ్యాచ్‌లో ఐదు వికెట్లు తీశాడు. జనవరి 7న సిడ్నీలో జాతీయగీతం వస్తుంటే సిరాజ్ కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. అదే మ్యాచ్‌లో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే కొందరు ప్రేక్షకులు జాతి పేరుతో దూషించారు. సిరాజ్ కెప్టెన్ రహానేకు చెప్పాడు. ఆట కొన్ని నిమిషాలు ఆగింది. కొందర్ని స్టాండ్లలోంచి బయటికి పంపారు. ఆ తర్వాత ఆట మళ్లీ సాగింది.

చివరి టెస్టు బ్రిస్బేన్‌లోని గబ్బాలో. సీనియర్ బౌలర్లంతా గాయాలతో కూర్చున్నారు. మూడో టెస్టు ఆడుతున్న సిరాజే దళానికి పెద్దన్న! రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 1988 తర్వాత గబ్బాలో టెస్టు ఓడని ఆస్ట్రేలియా ఆ రోజు, 2021 జనవరి 19న, ఓడింది. సిరీస్ మనదైంది. మొత్తం 13 వికెట్లతో జట్టులో అందరికంటే ముందు నిలిచాడు. రెండ్రోజుల తర్వాత శంషాబాద్‌లో విమానం దిగిన సిరాజ్ ఇంటికి పోలేదు. సరాసరి ఖబరస్థాన్‌కు వెళ్లి నాన్న సమాధి దగ్గర పూలు పెట్టి కూర్చున్నాడు.

1,113 బంతులు

2023 సెప్టెంబరు 17, కొలంబో. ఆసియా కప్ ఫైనల్. ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు! ఆ ఓవర్లో హ్యాట్రిక్ కోసం వేసిన బంతిని బ్యాట్స్‌మన్ బౌండరీ వైపు కొడితే, దాని వెంట తాడు దాకా పరుగెత్తినవాడూ సిరాజే. స్లిప్‌లో ఉన్న సహచరులు నవ్వు ఆపుకోలేకపోయారు. 21 పరుగులకు 6 వికెట్లు. శ్రీలంక 50కే కుప్పకూలింది. వర్షాల మధ్య పిచ్‌ను కంటికి రెప్పలా కాపాడిన మైదానం సిబ్బందికి తన ఐదు వేల డాలర్ల బహుమతి మొత్తాన్ని ఇచ్చేశాడు. నేలను కాపాడేవాళ్ల విలువ సిరాజ్‌కు బాగా తెలుసు!

2024 జనవరిలో కేప్‌టౌన్‌లో 15 పరుగులకు 6 వికెట్లు. దక్షిణాఫ్రికా 55కే ఆలౌట్. అదే ఏడాది టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో సభ్యుడు. అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆటోడ్రైవర్ కొడుకు భుజం మీదికి నక్షత్రాలొచ్చాయి.

కష్టాలు మాత్రం తప్పలేదు. 2025 ఛాంపియన్స్ ట్రోఫీ జట్టులో చోటు దక్కలేదు. ఆ జులైలో లార్డ్స్‌లో గెలుపునకు 23 పరుగుల దూరంలో సిరాజ్ ఆడిన బంతి దొర్లుకుంటూ వెళ్లి వికెట్లను తాకింది. ఆఖరి వికెట్ అదే. మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత ఓవల్‌లో ఐదో టెస్టు. నాలుగో రోజు హ్యారీ బ్రూక్ 19 పరుగుల దగ్గర ఇచ్చిన క్యాచ్‌ను పట్టుకుని కూడా బౌండరీ తాడును తొక్కేశాడు. అవుట్ కావాల్సిందల్లా సిక్సరైంది. బ్రూక్ 111 కొట్టాడు.

ఆగస్టు 4. ఇంగ్లండ్‌కు కావాల్సింది 35 పరుగులే. చేతిలో నాలుగు వికెట్లు. పొద్దున్నే లేచిన సిరాజ్ ఫోన్‌లో ‘నమ్ము’ అన్న మాటతో రొనాల్డో బొమ్మను వాల్‌పేపర్‌గా పెట్టుకుని మైదానానికొచ్చాడు. ఆ పూట పడిన నాలుగు వికెట్లలో మూడు అతనివే. ఆఖరివాడిగా భుజం జారిన క్రిస్ వోక్స్ ఒంటిచేత్తో క్రీజులోకి వచ్చాడు. విజయానికి ఏడు పరుగులుండగా అట్కిన్సన్‌కు సిరాజ్ వేసిన బంతి... యార్కర్! ఈద్గా మైదానంలో నేర్చుకున్న ఆ పాత పాఠమే. వికెట్ ఎగిరిపోయింది. ఆరు పరుగులతో భారత్ గెలిచింది.

ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు సిరాజ్. వేసినవి 185.3 ఓవర్లు, అంటే 1,113 బంతులు. ప్రతి బంతికీ వెనక్కి నడవడం, మళ్లీ పరుగెత్తడం. 1,113 సార్లు!

మళ్లీ జన్వాడకు...

ప్రతి ఊరికీ ఒక సిరాజ్ పుట్టడు. కోట్లు పలికే నేలను పిల్లల ఆట కోసం వదిలెయ్యమని ఏ రైతునూ అడగలేం. తరతరాలుగా కష్టపడ్డవాడికి ఆ ధర దక్కాల్సిందే. కానీ కొత్త లేఅవుట్ వేసేటప్పుడు రోడ్లకు, నీళ్ల ట్యాంకుకు జాగా వదిలినట్టే, గోడా గేటూ ఫీజూ లేని ఒక ఆటస్థలాన్ని ఊరికి వదలడం మాత్రం అసాధ్యం కాదు. ఫస్ట్ లాన్సర్‌లాంటి కిక్కిరిసిన బస్తీలోనే అది మిగిలింది. ఇంకా పొలాలున్న పల్లెలో మిగలదా?

జన్వాడలో పొద్దు వాలుతోంది. బంతి పక్క వెంచరు గోడ అవతల పడింది. ఓ పిల్లాడు గోడెక్కి దూకి వెతుక్కొచ్చాడు. బంతి కనిపించే వెలుతురు ఇంకో ఓవర్‌కు సరిపోతుంది. బౌలింగ్ చేసే కుర్రాడు బంతిని ప్యాంటుకు రుద్దుకుంటూ వెనక్కి నడిచాడు. పది అడుగులు... ఇరవై... పొలం గట్టు తగిలేదాకా.

ఈ సాయంత్రానికైతే అతని పరుగుకు చోటుంది.